తడి గోనెలో వంద గింజలు

“లెక్క తప్పుండొచ్చు. ఇంకోపాలి లెక్కెట్టండి,” అంది అప్పలకొండ మొగుడితో.

నరసింగరావు లెక్కపెట్టడం అది మూడోసారి. భోజనాల బల్ల మీద తడి గోనెగుడ్డ పరిచి ఉంది. దాని మీద వరసకి పది చొప్పున పది వరసల వడ్లగింజలు. మొలకెత్తిన గింజను చూపుడువేలితో ఎడమకి జరుపుతున్నాడు, ఎత్తనిదాన్ని కుడికి. ముప్పై ఎనిమిదేళ్ళు ఇదే పని చేసిన వేలు అది. దానికి తప్పు లెక్క రాదు.

“నలభై మూడు,” అన్నాడు.

ఆ మాట తర్వాత ఎవరూ కూర్చోలేదు. పప్పు పొంగి స్టవ్ ఆరిపోతే కోడలు కుసుమ పరుగున వెళ్ళి గ్యాసు కట్టేసి, మళ్ళీ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

విత్తనం అన్నది నూటికి ఎనభై మొలవాలి. డెబ్బై అయితే ఆలోచించాలి. నలభై మూడంటే అది విత్తనం కాదు, కోళ్ళ మేత.

వరండాలో ఆ విత్తనం కొన్న రైతు బిసాహిన్ బాయి గొంతుక్కూర్చుని ఉంది. సెమర్‌డీహ్‌లో పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఆ గోనెచుట్టను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని భిలాయి వైశాలి నగర్‌లోని ఈ ఇంటి దాకా వచ్చింది. కుసుమ ఇచ్చిన టీ పక్కనే మీగడ కట్టి ఉంది. ముట్టలేదు.

గోనెతో పాటు ఖాళీ సంచీ కూడా తెచ్చింది. దాని మీద నరసింగరావు ఫోటో, మీసం నల్లగా ఉన్ననాటిది. కింద హిందీ అక్షరాల్లో ‘నరసింగరావు బీజ్ భండార్, నెహ్రూ నగర్’ అని అచ్చేసి ఉంది.

కొడుకు రాజాబాబు పెట్టిన విత్తనాల దుకాణం. మే నెలంతా నరసింగరావు దంపతులు కంటి ఆపరేషన్‌కని విజయనగరంలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి బోర్డు లేచి ఉంది. ఆ రోజు రోడ్డుకి అవతలిపక్క నిలబడి, కొత్త కంటితో తన పేరు తాను పది నిమిషాలు చూసుకున్నాడు. అంతకు ముందు ఆ పేరు ఎవరు రాశారు గనక? రిటైరైననాడు వ్యవసాయ డిపార్టుమెంటు ఒక గోడగడియారం ఇచ్చింది. మూడో నెలకే ఆగిపోయింది. గ్రామసేవక్‌గా చేరి, హోదా పేరు రెండుసార్లు మారినా అదే కుర్చీలోంచి దిగిపోయాడు. కుర్చీ కూడా ఎక్కడిది, స్కూటరు సీటు.

“మీ ఊళ్ళో ఇంకెవరైనా గోనె కట్టేరా?” అని అడిగాడు వరండాలోకొచ్చి. ఆమెతో ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడతాడు, బొబ్బిలి యాసతో. ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆ యాస పోలేదు. ఊళ్ళవాళ్ళు అందుకే ఆంధ్రా సాహెబ్ అంటారు.

“ఎవరూ కట్టలేదు సాహెబ్.”

“ఏం?”

“సంచీ మీద మీ బొమ్మ ఉంది కదా. బొమ్మ ఉన్నాక గోనె ఎందుకన్నారు. సర్పంచి కూడా అదే అన్నాడు.”

విత్తనం ఎవరిచ్చినా సరే, వంద గింజలు తడి గోనెలో చుట్టి, ఏడో రోజు విప్పి లెక్కపెట్టకుండా పొలంలో చల్లకూడదని ఊరూరా తిరిగి అలవాటు చేసింది నరసింగరావే. ప్రభుత్వం ఇచ్చిన విత్తనానికి గోనె కట్టేవాళ్ళు. షావుకారు ఇచ్చినదానికీ కట్టేవాళ్ళు. అతని బొమ్మ చూసి మానేశారు.

“మరి నువ్వెందుకు కట్టేవు?”

బిసాహిన్ తప్పు చేసినదానిలా కాదు, తప్పు పట్టేదానిలా చూసింది. “మీరే కదా చెప్పేరు. నేను కొత్త కోడల్ని అప్పుడు. మీరిచ్చిన విత్తనానికి మా మామ దండం పెట్టేడు. దండం ఎందుకు, గోనెలో చుట్టు అన్నారు. నేనిచ్చినా చుట్టు, దేవుడిచ్చినా చుట్టు అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. నాకుంది.”

ఇంత దెబ్బలోనూ నరసింగరావు ఛాతీలో ఏదో పొంగింది. చదువు రాని మనిషి. ఊరి జనంలో ఒక్కర్తే తనని కూడా నమ్మకుండా లెక్కపెట్టింది. ఇంతకన్నా పెద్ద శాలువా ఏ మంత్రి కప్పుతాడు?

“టీ తాగు,” అన్నాడు. “తాగితే నేను నీతో వస్తాను.”

“తాగితేనా?”

“తాగకపోయినా వస్తాను. తాగు.”

అప్పుడు తాగింది.

* * *

రాజాబాబు స్కూటర్ స్టాండు వేసిన చప్పుడులోనే తెలిసింది, కుసుమ ఫోనులో అంతా చెప్పేసిందని. తిన్నగా లోపలికొచ్చి బల్ల మీద గోనె చూశాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“ఎక్కడ కొన్నావురా?” అన్నాడు నరసింగరావు.

“మంచి చోటే కొన్నాను నానా. సర్కారు ట్యాగులున్న సంచులు. వెయ్యిన్ని పది రకం వడ్లు.”

“ట్యాగున్నవి నలభై మూడు మొలుస్తాయా? మండీలో ఊడ్చిన వడ్లు తెచ్చి నా మొహం అంటించేవా?”

“అంత మాట అనకండి,” అంది అప్పలకొండ.

“ఏటి అనకండి? స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని ఒదిలేసి దుకాణం పెడతానంటే, పోనీలే, నా దారిలోకొచ్చేడు అనుకున్నాను. మా అన్నయ్య బతికున్నన్నాళ్ళూ నన్ను ఎక్కిరించేవాడు. తను ప్లాంటు కోక్ ఓవెన్లో ఉక్కు పుట్టిస్తన్నాడంట, నేను బురద పిసుకుతున్నానంట. అన్నాయ్, ఉక్కు తినలేవు, నేను చేసేదే తింటావు అని మొహమ్మీదే జవాబు చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఈ గోనె ఎవరికి చూపించను?”

గుమ్మంలో కుసుమ భర్త వైపు చూసింది. ఆమె చరోదా రైల్వే కాలనీలో పెరిగింది. కోపమొచ్చినా దిగులొచ్చినా ముందు హిందీయే వస్తుంది.

“బతాయియే నా,” అంది నెమ్మదిగా. “చెప్పేయండి. మామయ్య మిమ్మల్ని దొంగ అనుకుంటున్నారు.”

“నువ్వూరుకో.”

“నేను ఊరుకుంటే ఆ మాటే ఉండిపోతుంది.”

వీధిలో కూరలబండివాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు.

నరసింగరావు దేవుడి గది మూల ఉన్న నమూనా సంచీ తెచ్చి, విప్పి చెయ్యి పెట్టాడు. కొడుకు బోణీ రోజున తెచ్చి అక్కడ పెట్టినది. పసుపు బొట్టు ఇంకా ఉంది దాని మీద. పన్నెండు రోజులుగా రోజూ దండం పెడుతున్నాడు గానీ ఒక్కనాడూ విప్పలేదు. ఒక గింజ తీసి, గింజ ఆరిందో లేదో చూసే పాత అలవాటుతో పళ్ళ కింద పెట్టి కొరికాడు.

కొరికి ఆగిపోయాడు. ఇంకో గింజ నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పగా ఉంది.

“ఉప్పునీళ్ళలో వేసేవా?” అన్నాడు.

రాజాబాబు తల ఊపాడు.

“ఎప్పుడు?”

“మే నెల్లో. మీరు ఊరెళ్ళినప్పుడు.”

“ఎక్కడ ఆరబోసేవు?”

“డాబా మీద.”

“మే నెల ఎండలో. సిమెంటు డాబా మీద.” నరసింగరావు ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. “కడిగేవా?”

కొడుకు మొహంలో కనిపించింది బెదురు కాదు. ఆ ప్రశ్న మొదటిసారి వింటున్న మనిషి ఆశ్చర్యం.

“కడగాలా?”

అప్పలకొండ కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

ఉప్పునీటి విద్య నరసింగరావు సొంతం కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్ళకి తెచ్చింది అతను. నీళ్ళలో ఉప్పు కలుపుతూ పోవాలి. ఆలుగడ్డ వేస్తే మునగకుండా తేలాలి. అప్పుడు వడ్లు పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుక్కి దిగుతుంది. ఆ గట్టి గింజని మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, నీడలో ఆరబెట్టి, విత్తాలి. కడగకపోతే ఉప్పు లోపలే ఉండి చంపుతుంది. ఎండలో పోస్తే ఎండ చంపుతుంది. రాజాబాబు విత్తనాన్ని రెండుసార్లు చంపాడు, చేతులారా, వారం రోజులు నడుం విరిగేలా కష్టపడి.

“నా ఏడేళ్ళప్పుడు,” అన్నాడు రాజాబాబు. తండ్రి వైపు చూడకుండా గోనెతో చెప్తున్నట్టు చెప్పాడు. “నీ స్కూటరు ముందు నిలబడి వచ్చేను. ఊరు గుర్తులేదు. బకెట్లో ఉప్పు పోసి ఆలుగడ్డ వేసేవు, మునిగింది. ఇంకా పోసేవు, తేలింది. జనం చప్పట్లు కొట్టేరు. నీకేసి అందరూ అలా చూస్తంటే నాకు… సరే. తరవాత నన్ను ఎవరింటికో అన్నానికి పంపేసేవు. నేనొచ్చేసరికి జనం ఎల్లిపోయేరు. నేను చూసింది అంతవరకే నానా.”

“అడగొచ్చు కదరా.”

“ఎప్పుడు? ఆదివారం నీకు రైతుల మీటింగు. మిగతా రోజుల్లో ఇంటికొచ్చేసరికి నోట్లో మాటుండేది కాదు. ఊరూరికీ చెప్పేవు. మాకు ఏపాలైనా చెప్పేవా?”

నరసింగరావు ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క రోజైనా దొరుకుతుందేమోనని వెతికాడు.

“నాతో అన్నారు,” అంది కుసుమ. “నాన్న తిరిగొచ్చేసరికి అన్నీ ఆయన చేసినట్టే చేసి చూపిస్తాను, సర్‌ప్రైజ్ అన్నారు. రాత్రింబవళ్ళు డాబా మీదే ఉన్నారు మామయ్యా. చేతులు పగిలిపోయాయి ఉప్పుకి.”

* * *

తగువు అక్కడితో తెగలేదు. ఏం చెయ్యాలన్న దగ్గర మళ్ళీ మొదలైంది.

“ఎన్ని ఊళ్ళకి వెళ్ళేయి సంచులు?”

“మూడు. సెమర్‌డీహ్, పక్కన రెండూ.” రాజాబాబు ఫోను తీశాడు. “నేను అందరికీ ఫోన్లు చేస్తాను. ఈసారి రెండింతలు చల్లమంటాను, మిగతా సంచులు ఊరికే ఇచ్చేస్తాను. వానపడితే మొలిచినకాడికి మొలుస్తాయి. గొడవ ఉండదు.”

“మొలిచిన నలభై మూడూ చూడు ఎలా ఉన్నాయో. దారప్పోగులు. రెండింతలు చల్లితే రెండింతల దారప్పోగులు.”

“అయితే దుకాణం మూసుకోవాలి. అది తప్ప మనకేటుంది?”

“నాకు పేరు తప్ప ఏటుంది?”

ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు. వరండాలో బిసాహిన్‌కి తెలుగు రాదు. అయినా కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

“నేనెల్తాను,” అన్నాడు నరసింగరావు. “నా పేరు మీద అమ్మిన సరుకు. నేనే నిలబడి చెప్తాను.”

“మీరు చెప్పరు,” అంది అప్పలకొండ.

ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే అందరూ తిరిగి చూశారు.

“ఇన్నాళ్ళూ అన్నీ మీరే చెప్పేరు. ఇదీ మీరే చెప్తే, ఆంధ్రా సాహెబ్ ఎంత గొప్పోడు, కొడుకు తప్పు తన నెత్తినేసుకున్నాడు అంటారు. మీకు ఇంకో దండ పడతాది. ఆడు జన్మంతా ఎదవగానే ఉండిపోతాడు. చేసినోడు ఆడు. ఆణ్ణి చెప్పనియ్యండి. మీరు పక్కన నిలబడండి, చాలు.”

“ఆడు చెప్పలేడే.”

“మీరెప్పుడు చెప్పనిచ్చేరు?”

రాజాబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో ఒక ఆలుగడ్డ, కుసుమ ఇచ్చిన ఉప్పు ప్యాకెట్లు ఉన్నాయి.

* * *

సెమర్‌డీహ్ పంచాయతీ అరుగు మీద మూడూళ్ళ జనం చేరేసరికి మబ్బు పడమటి నుంచి సగం ఆకాశం తినేసింది. మృగశిర కార్తె నడుస్తోంది. వాన ఇవాళో రేపో అన్నట్టుంది. ఈ మూడూళ్ళవాళ్ళూ తొలివాన పడ్డాకనే చల్లుతారు. అదొక్కటే అదృష్టం.

కుర్చీ తెచ్చి నరసింగరావుకి వేశారు. ఎవరో బంతిపూల దండ కూడా తెచ్చారు. కొత్త దుకాణం సంబరానికి వచ్చాడనుకున్నారు. అతను దండ వేసుకోలేదు, కూర్చోలేదు. కొడుకు పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అరుగు మీద మాట్లాడకుండా నిలబడటం అతనికదే మొదటిసారి.

రాజాబాబు బకెట్లో నీళ్ళు పోసి ఆలుగడ్డ వేశాడు. మునిగింది. ఉప్పు కలిపాడు. తేలింది.

“ఇది మీకందరికీ వచ్చు,” అన్నాడు. అచ్చమైన ఛత్తీస్‌గఢీ. భిలాయిలో పుట్టి, ఇక్కడి పిల్లలతో గోళీలాడి నేర్చుకున్నది. తండ్రి యాస అందులో లేదు. “నాకు ఇంతవరకే వచ్చు. దీని తర్వాత కడగాలని నాకు తెలీదు. కడగలేదు. ఎండలో ఆరబోశాను. బిసాహిన్ పిన్ని వంద గింజలు లెక్కపెడితే నలభై మూడు మొలిచాయి. మీ ఇళ్ళలో ఉన్న సంచులు చల్లొద్దు. తప్పు నాది. మా నాన్నకి తెలీదు. ఆయన బొమ్మ వేసింది కూడా నేనే, అడక్కుండా.”

వెనకనుంచి ఒక ముసలి గొంతు లేచింది. “ఆలుగడ్డ తేలింది, బాబు మునిగేడు.”

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. ఒకడు సంచీ తెచ్చి బకెట్ పక్కన ధడాలున పడేసి వెళ్ళిపోయాడు. సర్పంచి మీసం దువ్వుకుంటూ, “బొమ్మ చూసి గోనె మానేసింది మనం. ఆ సిగ్గు మనది కూడా,” అన్నాడు. పాత కోఠీ గాదెల్లో ఎవరింట్లో కిందటేటి సొంత విత్తనం మిగిలిందో బిసాహిన్ అప్పటికే పేరు పేరునా అరుస్తోంది. ఊరు పనిలో పడింది.

నరసింగరావు కొడుకుని చూశాడు. చొక్కా చెమటకి వీపుకంటుకుంది. అయినా బకెట్ వదల్లేదు. ఇలాంటి మాట నిలబడి చెప్పిన ఆఫీసరుని ఒక్కణ్ణి కూడా తన సర్వీసులో చూడలేదు. తప్పు విత్తనం పంచి ఫైలు మార్చినవాళ్ళని చూశాడు, ప్రమోషన్లతో వెళ్ళినవాళ్ళని చూశాడు. తన ఇంట్లో పుట్టినవాడు ఎండిన నోటితో నిజం చెప్పాడు. ఆ బంతిపూల దండ ఎక్కడ పెట్టారా అని కళ్ళతో వెతికాడు.

అప్పుడే బిసాహిన్ దగ్గరికొచ్చింది.

“ముడ్‌పార్‌లో చెప్పేసేరా సాహెబ్?”

“ముడ్‌పార్ ఏటి? అక్కడికి మన సంచులు వెళ్ళలేదు.”

“నా కూతుర్ని ఇచ్చిన ఊరు. ఆదివారం ట్రాక్టరు నిండా వచ్చేయంది. మీ బొమ్మే.”

నరసింగరావు తల తిప్పాడు. రాజాబాబు బకెట్లోకి చూస్తున్నాడు.

“మూడూళ్ళన్నావు.”

“నానా…”

“మూడన్నావు.”

“అది పెద్ద లోడు. అన్నిటికన్నా పెద్దది.” అన్నాడు రాజాబాబు. “వాళ్ళకి రేపు చెప్దామనుకున్నాను. మెల్లగా.”

ముడ్‌పార్‌ది నల్లరేగడి. వాన పడిందంటే ఆ బురదలో కాలు దిగదు. అందుకే వాళ్ళు వాన రాకముందే పొడిదుక్కిలో చల్లేస్తారు. రేపన్నది ఆ ఊరికి లేదు. మబ్బు చూసిన రోజే వాళ్ళకి విత్తే రోజు.

బిసాహిన్ కూతురికి ఫోను కలిపింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ కలిపింది.

“ఎత్తటం లేదు,” అంది. “అందరూ పొలంలో ఉన్నట్టున్నారు.”

దండ అరుగు చివర పడి ఉంది. నరసింగరావు దాన్ని చూశాడు గానీ తియ్యలేదు. కొంచెం ముందు గుండెల్లో పొంగినదాన్ని ఎక్కడ దాచుకోవాలో, ఉంచుకోవాలో పారెయ్యాలో తెలియలేదు. నిజం చెప్పిన నోరే అబద్ధమూ చెప్పింది. మూడొంతులు నిజం. కడగడం మిగిలిపోయిన విత్తనంలా.

“ఎంతదూరం?” అని అడిగాడు రాజాబాబు.

“నీకు తెలీదా? పంపినోడివి.”

“ట్రాక్టరువాడు తీసుకెళ్ళేడు. నేనెప్పుడూ ఎల్లలేదు.”

“నేనెల్లేను,” అన్నాడు నరసింగరావు. “వందసార్లు ఎల్లేను. కాలవగట్టు మీద అడ్డంగా పోతే అరగంట.”

స్కూటరు దగ్గరికి నడిచాడు. వచ్చేటప్పుడు నడిపింది తనే, తాళంచెవి ఇంకా అతని చేతిలోనే ఉంది. సీటు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చెవి కొడుకు చేతిలో పెట్టి, వెనక ఎక్కి కూర్చున్నాడు.

“నడుపు. దారి నేను చెప్తాను. అక్కడ కూడా నువ్వే చెప్పాలి.”

రాజాబాబు స్టార్ట్ చేశాడు. కాలవగట్టు ఎక్కేసరికి గాలి ఎదురు తిరిగింది. నరసింగరావు కొడుకు భుజం మీదుగా ముందుకి చూశాడు. ముడ్‌పార్ వైపు ఆకాశానికీ నేలకీ మధ్య బూడిదరంగు తెర దిగుతోంది. దాని ముందు, ఆ చివరి వెలుతురులో, పొలాల్లో వరసగా మనుషులు. ఒడిలో చెయ్యి పెట్టి, గుప్పిట తీసి, చేతులు చాచి విసురుతున్నారు.